వెండలిన్ బ్రేకు తొక్కాడు

హలో, అందరికీ వినబడుతోందా? కులాసాగా ఉన్నారా? నేను లైనస్‌ని, కాన్సస్ నుంచి. చేతిలో పని ఉంటే కాస్త పక్కన పెట్టి, ఒక పావుగంట ఇటు చెవి పడెయ్యండి. మొన్న మన పాత బండ్ల గుంపులో ఒకాయన అడిగాడు. పాత లారీకి హెడర్లు బిగించాడట, బ్రేకు పైపు పక్కనుంచే పోతోందట, తగలడం లేదు కాబట్టి ఫరవాలేదా అని. ఏడెనిమిది మంది ఏం ఫరవాలేదని రాసేశారు. నేను రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. రాయాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే తొంభై ఎనిమిదో సంవత్సరం గోధుమ కోతలు చెప్పాలి. ఇప్పటికీ ఆ కోతలు తలుచుకుంటే నాకు నడుము నొప్పి వస్తుంది.

మా లారీ నాకంటే మూడేళ్లు పెద్దది. అరవై ఆరు మోడలు. మా నాన్న వెండలిన్ దాన్ని కొత్తగా కొన్నాడు, ముప్ఫై రెండు కోతలు ఆయనే తోలాడు. కోత మిషను మీద ఎవరు కూర్చున్నా లారీ మీద మాత్రం నాన్నే. గింజ నింపుకుని తొమ్మిది మైళ్లు పోవాలి. గిడ్డంగి దగ్గర వరసలో నిలబడి, కాటా వేయించుకుని, దించేసి వెనక్కి రావాలి. మా వైపు మగవాళ్లు నోరు విప్పేది ఆ వరసలోనే. ఎవరి పొలంలో వడగళ్లు పడ్డాయి, ఎవరి గింజ బరువు తూగింది, ఎవరి మోకాలు పని చెయ్యడం లేదు, అన్నీ బండి దిగి పక్క బండికి ఆనుకుని మాట్లాడుకోవడమే. అమ్మ పోయాక నాన్నకి ఏడాది మొత్తానికి సరిపడా మాటలు ఆ పదిహేను రోజుల్లోనే తీరేవి. ఇంటికొచ్చి మాకు చెప్పేది తక్కువ. కానీ మొహం తేటగా ఉండేది.

ఆ చలికాలంలో ఇంజను పొగని పోగుచేసే పోత ఇనుప మానిఫోల్డు చీలింది. ఆ మోడలుది ఎంత వెతికినా దొరకలేదు. పక్క ఊళ్లో మట్టి ట్రాకు మీద పందెం కార్లు నడిపే అతని దగ్గర మా ఇంజనుకి సరిపోయే హెడర్లు ఉన్నాయి. తెలియనివాళ్లకి చెబుతున్నాను, హెడర్లంటే ఒక్కో సిలిండరుకీ ఒక్కో పల్చటి గొట్టం. మెలికలు తిరుగుతూ కిందికి దిగుతాయి. ఇంజనుకి ఊపిరి బాగా ఆడుతుంది గానీ, ఆ గొట్టాలు వేడిని తమలో దాచుకోవు, పక్కనున్నవాటికి పంచిపెడతాయి. ఫిబ్రవరిలో షెడ్డులో ఒక్కణ్ణే పడుకుని బిగించాను. ఎడమవైపు ఆఖరి గొట్టం చాసిస్, అదే బండి అడుగునుండే ఇనుప చట్రం, పక్కగా దిగింది. వెనక చక్రాలకి పోయే బ్రేకు పైపు కూడా అక్కడే. రెండింటి మధ్యా నా బొటనవేలు పట్టింది. చూశాను. చూడలేదని ఇప్పుడు బొంకను. తగలడం లేదు కదా అనుకున్నాను. ఖాళీ లారీని మంచులో అయిదు మైళ్లు తోలి చూశాను, బ్రేకులు భేషుగ్గా పట్టాయి. ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను.

జూన్ పంతొమ్మిదిన కోత మొదలైంది. మూడో రోజు ఎండ నూట నాలుగు డిగ్రీలు. మనిషికైతే మంచమెక్కించే జ్వరం. నేను మిషను మీద ఉండగా, బండ్లవాళ్లం మాట్లాడుకునే రేడియోలో గిడ్డంగి కాటా చూసే క్లీటస్ గొంతు వినిపించింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఒకసారి వచ్చి పొమ్మన్నాడు.

నేను చేరేసరికి ముప్పావుగంట పట్టింది. మా లారీ ముక్కు వెర్నర్ లారీ వెనక తలుపులో దిగబడి ఉంది. నేలమీద గోధుమ కుప్పగా కారి ఉంది. వెర్నర్ మా పక్క పొలం ఆయన. అప్పటిదాకా తన బండి వెనకే వంగి, గింజ ఎక్కడైనా కారుతోందేమోనని చూసుకుంటున్నాడట. దాహమేసి మంచినీళ్ల కోసం రెండడుగులు ఇటు వేశాడట. ఆ రెండడుగులే. వరసలో ఉన్న పద్నాలుగు బండ్లవాళ్లూ చూశారు.

నాన్న గిడ్డంగి గోడ నీడన నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తొక్కానురా," అన్నాడు. "పెడలు నేల దాకా పోయింది. మళ్లీ తొక్కాను. అక్కడ ఏమీ లేదు. హ్యాండ్ బ్రేకు లాగేలోపు తగిలేసింది."

నేను ఎక్కి తొక్కాను. పెడలు రాయిలా ఉంది. క్లీటస్ ఎక్కి తొక్కాడు. వెర్నర్ తొక్కాడు. ఇంకో ఇద్దరు తొక్కారు. మా వైపు ఎవరూ ఎవరి మొహం మీదా అబద్ధమని అనరు. ఒక్కొక్కరూ ఎక్కి, తొక్కి, దిగి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని పక్కకి చూస్తారు. మా దగ్గర తీర్పు చెప్పడమంటే అదే. నాన్న ఆ దిగినవాళ్లందరి మొహాలూ చూస్తూ నిలబడ్డాడు.

క్లీటస్ నన్ను కాటా గది వెనక్కి తీసుకెళ్లాడు. చెడ్డవాడేం కాదు, నా చిన్నప్పటినుంచీ ఎరుగున్నవాడే. పెద్దాయనకి డెబ్భై ఒకటి కదా, ఈ ఎండలో రోజుకి ఆరు ట్రిప్పులంటే మాటలా అన్నాడు. వాళ్ల నాన్న కూడా ఒకసారి బ్రేకనుకుని క్లచ్చి తొక్కాడట.

అప్పుడు నేను నాన్నని ఒక్క మాట అడిగుండాల్సింది. వరసలో ఎంతసేపున్నావు, ఇంజను ఆపావా లేదా అని. ఆయనకి వరసలో ఇంజను ఆపేసే అలవాటు ఉండేది. ఆ ఏడు ఆపితే మళ్లీ సెల్ఫు అందుకోవడం లేదు, అదీ ఆ హెడర్ల వేడికే. అందుకని గంటన్నర సేపు ఇంజను నడుస్తూనే ఉంచాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ పూట నాకు కోయాల్సిన పొలం కనిపించింది, పడమట మబ్బులు కనిపించాయి, నలుగురూ చూస్తున్నారని కనిపించింది. నాన్న దగ్గరికి పోయి చెయ్యి చాపాను.

ఆయన ఒక క్షణం నా చేతి వంక చూశాడు. తాళంచెవి తీసి అందులో పెట్టాడు. ఇంటికి తొమ్మిది మైళ్లూ నా పక్కన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఎవరి పొలం ఎలా ఉందో ఒక్కదాని గురించీ మాట్లాడలేదు.

నా భార్య బెర్నీటా లారీ ఎక్కింది. ట్రాక్టరూ లారీ తోలుతూ పెరిగిన పిల్ల, ఆ పని తనకి కొత్త కాదు. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర తాళంచెవి తన కంచం పక్కన పెడితే ముట్టుకోలేదు.

"తోలడం నాకు కష్టం కాదు," అంది నాన్న లేచి వెళ్లాక. "మామయ్య దగ్గర లాక్కున్నది నాకు ఇస్తున్నావు, అదీ కష్టం. ఆయన తొక్కానన్నారు కదా."

"పెడలు రాయిలా ఉంది, బెర్నీటా. అయిదుగురం చూశాం."

పొద్దున తను ఆ తాళంచెవి తీసుకుని వెళ్లింది.

మర్నాడే జల్లు పడి వాతావరణం చల్లబడింది. తడి గింజ గిడ్డంగి వాళ్లు తీసుకోరు కాబట్టి, ఎవరికి ఏ మడి ఆరితే అది కోసుకుంటూ అటొకరు ఇటొకరు అయిపోయాం. వరసలో మూడు నాలుగు బండ్లకి మించి ఉండేవి కావు. బెర్నీటా ఆరు రోజులు తోలింది. బ్రేకులు ఒక్కసారి కూడా మొరాయించలేదు. రోజూ సాయంత్రం నేను అడిగేవాణ్ణి, బాగానే ఉన్నాయని తను చెప్పేది. అడిగిన ప్రతిసారీ నాన్న అక్కడే ఉండేవాడు. అంటే ఆ అడగడం ఆయన మీద రోజుకో మేకు దిగ్గొట్టడమేనని నాకు తోచలేదు. తోచినా, అంత అలసటలో లెక్క చేసేవాణ్ణి కానేమో. కళ్లనిండా పొట్టు, చెవుల్లో మిషను హోరు. కంచం ముందు కూర్చుని చెంచా పట్టుకునే నిద్రపోయేవాణ్ణి.

నాన్నకి మిగిలిన పని పొలానికి అన్నం మోయడం. క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన రొట్టెలు గుడ్డలో చుట్టి, చిన్న బండిలో పెట్టుకుని, మట్టిదారినే నెమ్మదిగా తెచ్చేవాడు. అది మా దగ్గర ఆడవాళ్లు, చిన్నపిల్లలు చేసే పని. ఒకరోజు వెర్నర్ మా గట్టు మీద ఆగాడు. తలుపు బాగుచేయించుకున్నాడు, మనసులో కోపమేమీ లేదు.

"ఏం వెండలిన్, చెయ్యి తిరిగిందే వంటలో," అన్నాడు రొట్టె కొరుకుతూ. "ముందే తెలిస్తే మా ఇంటికి పిలుచుకుపోయేవాణ్ణి."

నేను నవ్వాను. ఊరికే, మాట తేలిక చెయ్యడానికే. నాన్న ఇంకో రొట్టె తీసి వెర్నర్‌కి ఇచ్చి, గుడ్డ మడతపెట్టుకుని బండెక్కాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక మగవాళ్లందరూ ఎప్పట్లాగే మెట్ల దగ్గర గుమిగూడారు. కోతల మాటలు. నేను నాన్న కోసం చూశాను. పక్క తలుపులోంచి దిగిపోయి, బండిలో కూర్చుని ఉన్నాడు. ఆ ఎండలో అద్దాలు కూడా దించుకోకుండా.

తర్వాత ఎండ తిరిగి వచ్చింది. వానకి ఆగిన వాళ్లందరూ ఒక్కసారే పొలాల్లో పడ్డారు. వరస గిడ్డంగి ఆవరణ దాటి, రైలు గేటు దాటి, పెద్ద రోడ్డు దాకా సాగింది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి పోయిన బెర్నీటా అయిదున్నరకి వచ్చింది. లారీని పొలంలోకి తేలేదు. ఇంటి దగ్గర పెట్టి, గట్టు వెంబడి నడుచుకుంటూ వచ్చి, మిషను ముందు నిలబడి చెయ్యెత్తింది. నేను ఇంజను ఆపి దిగాను.

మొహం మామూలుగానే ఉంది. చేతులు మాత్రం జేబుల్లోంచి తీయడం లేదు. రైలు గేటు దగ్గర రోడ్డు కొంచెం వాలుగా ఉంటుందని, గంటకి పైగా అంగుళం అంగుళం కదులుతూ అక్కడికి చేరానని చెప్పింది. పట్టాల అవతల చోటు ఖాళీ అయ్యేదాకా ఆగుదామని కాలు పెట్టిందట.

"పిండిముద్ద మీద కాలు పెట్టినట్టుంది, లైనస్. నేల దాకా పోయింది. గేరులో పడేసి ఇంజను ఆర్పేశాను, హ్యాండ్ బ్రేకు లాగాను. బంపరు పట్టాలకి ఇంత దూరంలో ఆగింది." జేబులోంచి ఒక చెయ్యి తీసి చూపించబోయి మళ్లీ పెట్టేసుకుంది. "తర్వాత నాలుగు నిమిషాలకి సరుకు రైలు పోయింది."

నేను తన జేబుల వంక చూశాను.

"వెనకవాళ్లని పక్కనుంచి పొమ్మని, నేను అక్కడే కూర్చుని తొక్కుతూ ఉన్నాను. ఇరవై నిమిషాలకి కాలికి ఏదో తగిలింది. నలభై నిమిషాలకి రాయిలా అయిపోయింది." నా వైపు తిరిగింది. "ఆ రోజు నువ్వు వెళ్లేసరికి ఎంతసేపయింది?"

"ముప్పావుగంట," అన్నాను.

ఇద్దరం కోయని గోధుమ వంక చూస్తూ నిలబడ్డాం. తర్వాత తను ఇంటికి నడిచింది.

నేను లారీ కిందికి దూరాను. ఆ ఆఖరి గొట్టానికి ఎదురుగా జానెడు మేర బ్రేకు పైపు రంగు కాలిపోయి నీలంగా మారింది. చక్రం దగ్గర, పైపులో చేరిన ఎయిర్ తీసే బొడిపె విప్పితే ఆయిల్ కాఫీ రంగులో, బుడగలతో కారింది. చెప్పడానికి ఇందులో గొప్ప విద్యేమీ లేదు. వేడికి పైపులో ఆయిల్ మరుగుతుంది, ఆవిరవుతుంది. ఆవిరిని తొక్కితే అణిగిపోతుందే గానీ చక్రాన్ని పట్టదు. మా పాత లారీలో నాలుగు చక్రాలకీ ఒకటే దారి, ఒక చోట ఆవిరి చేరితే నాలుగూ పోయినట్టే. చల్లారితే ఆవిరి మళ్లీ ఆయిలవుతుంది. వచ్చి చూసిన వాడి కాలి కింద రాయిలా నిలబడుతుంది. బండి తోలినవాడి మీదే బండి సాక్ష్యం చెబుతుంది.

నాన్న పెరట్లో కుళాయి దగ్గర అన్నం గిన్నెలు కడుగుతున్నాడు. దగ్గరికి పోయి చెప్పాను.

"నాన్నా, పైపులో ఆయిల్ మరిగింది. గొట్టం పక్కన ఆ పైపుని వదిలేసింది నేను."

ఆయన గిన్నె కడగడం ఆపలేదు. "ఎంత ఎడం ఉంచావు?"

"బొటనవేలంత."

"నీ బొటనవేలా, నాదా?"

"నాదే."

గిన్నె బోర్లించాడు. చేతులు తుడుచుకున్నాడు. తొందరేమీ పడలేదు. "ఆ పైపుని అసలు లోపలినుంచి తేకూడదు," అన్నాడు. "చాసిస్ బయటి మొహం మీదుగా తెద్దాం. రాగి పైపు కొనుక్కురాకు. తేలిగ్గా వంగుతుంది, అదురుకి అంత తేలిగ్గానూ పగులుతుంది. ఉక్కుది తీసుకురా."

మర్నాడు కోత మానేశాం. పండిన గోధుమ నిలబడి ఉండగా, పడమట మబ్బు పేరుకుంటూ ఉండగా మా ఇంట్లో కోత మానేసిన రోజు అంతకుముందు లేదు. పక్క పొలాల్లో మిషన్ల దుమ్ము లేస్తూనే ఉంది. షెడ్డులో మేమిద్దరం.

ముందు ఒక తీగని వంచి దారి వేసుకున్నాం. పెడలు తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి బయలుదేరి, ఇంజను వెనక గోడ మీదుగా ఎడమకి జరిగి, స్టీరింగుకి తగలకుండా దిగి, చాసిస్‌ని దాటి దాని బయటి మొహానికి అంటుకోవాలి. అక్కడ చాసిస్ ఇనుమే గొట్టానికీ పైపుకీ మధ్య గోడ. గేరుబాక్సు దాటి, గొట్టాల వేడి అయిపోయిన చోట మళ్లీ లోపలికి తిరగాలి. ఆ తీగని చూసుకుంటూ నాన్న ఉక్కు పైపుని పాత కప్పీ చక్రం చుట్టూ వంచాడు. పైపు ఎక్కడా నొక్కుకుపోకుండా, వేళ్లతో తడుముతూ, ఒక్కో వంపుకీ అయిదేసి నిమిషాలు. నాకైతే పావుగంటలో అయిపోవాలనిపించింది. ఏమీ అనలేదు. ఆ రోజు నాకు అనే హక్కు లేదు.

పైపు మూతిని గరాటులా విప్పి, మళ్లీ లోపలికి మడవాలి. రెండు మడతలుంటేనే ఒత్తిడికి ఆగుతుంది. మొదటిది పగిలింది. రెండోది నేను చేశాను. చక్కగా, గుండ్రంగా, అద్దంలా వచ్చింది. ఎత్తి చూపించాను. నాన్న తిప్పి తిప్పి చూశాడు.

"బాగుంది," అన్నాడు. "నట్టేది?"

నట్టు బల్ల మీద ఉంది. మూతి విప్పకముందే దాన్ని పైపులోకి ఎక్కించాలి. విప్పాక ఎక్కదు. కోసేసి మళ్లీ మొదటికి రావడమే. నాన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని నాకు తెలియడానికి కాస్త సమయం పట్టింది. వారం పైనే అయింది ఆయన నవ్వి.

అడుగుకో క్లిప్పు చొప్పున బిగించాం. చాసిస్‌ని దాటే చోట పైపు ఒరుసుకోకుండా రబ్బరు వేశాం. గొట్టానికి అడ్డంగా పాత కప్పు రేకు ముక్క ఒకటి, సెల్ఫు మీద ఇంకొకటి కొట్టాం. పాత ఆయిల్ మొత్తం పారబోశాం. ఆ తర్వాత ఎయిర్ తీయడానికి నాన్న పైన కూర్చున్నాడు, నేను కింద పడుకున్నాను. అన్నిటికంటే దూరంగా ఉండే కుడి వెనక చక్రంతో మొదలు.

"తొక్కు."

"తొక్కా."

"పట్టుకో." నేను బొడిపె విప్పుతాను, బుడగలు వస్తాయి, బిగిస్తాను. "వదులు."

"వదిలా."

నాలుగు చక్రాలకీ కలిపి ఆ అయిదు మాటలే వందసార్లు అనుకుని ఉంటాం. నా చేతుల మీదుగా ఆయిల్ మోచేతుల దాకా కారింది. పైన ఆయన కాలు అరిగిపోయి ఉంటుంది. మధ్యలో నేను ఎక్కుతానంటే, ఈ పెడలు సంగతి నాకు తెలుసు, నువ్వు కింద చూసుకో అన్నాడు. ఆయన తొక్కానంటే నేను తొక్కాడనే నమ్మి బొడిపె విప్పాలి. అలా చెయ్యకపోతే ఆ పని జరగదు.

అయ్యాక నేను వాకిట్లో ఒక చుట్టు తిప్పి సరేనన్నాను. నాన్న ఒప్పుకోలేదు. ఫిబ్రవరిలో చూసినట్టు చూడకు అన్నాడు. అదొక్కటే నన్ను ఆయన అన్న మాట. లారీని నడిఎండలో నిలబెట్టి, ఇంజను నడుస్తూ ఉంచి, ఇద్దరం రెండు గంటలు దాని పక్కన కూర్చున్నాం. పది నిమిషాలకోసారి తొక్కి చూశాం. పెడలు అంగుళం దిగలేదు. ఆ సాయంత్రం పడమటి మబ్బు ఉత్తరానికి పోయి ఎవరి మీదో కురిసింది. మర్నాడు పొద్దున్నే నేను చెప్పకుండానే నాన్న లారీ ఎక్కాడు.

ఇక్కడితో అయిపోవాల్సింది. నేనూ అయిపోయిందనే అనుకున్నాను.

ఆ వారమంతా నాన్న ట్రిప్పులు ఎంత త్వరగా తిరిగి వచ్చేవో చెప్పలేను. గంటన్నర పట్టేది నలభై నిమిషాల్లో వచ్చేసేవాడు. మిషను ఆగాల్సిన అవసరమే లేకపోయింది. నాన్న పాత ఊపు అందుకున్నాడని సంతోషపడ్డాను. ఆయన మాత్రం చర్చి దగ్గర పక్క తలుపులోంచే దిగుతున్నాడు. అదీ కొన్నాళ్లకి సర్దుకుంటుందిలే అనుకున్నాను. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. బండి బాగయింది, ఆయన తోలుతున్నాడు, ఇంకా చెప్పేదేముంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే సిగ్గేసింది.

ఆఖరి మడి జులై నాలుగో తేదీ దాటాక కోశాం. చివరి లోడుకి మిషను పని అయిపోయింది కాబట్టి నేనూ నాన్న పక్కన ఎక్కాను. గిడ్డంగి దగ్గర పదకొండు బండ్లున్నాయి. మేం వరస చివర ఆగాం. మా ముందు వెర్నర్ బండి. ఆయన అద్దంలో మమ్మల్ని చూశాడు. వెంటనే స్టీరింగు తిప్పి, బండిని పక్కకి లాగి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ముందుకి పొమ్మని ఊపాడు. ఎంతో మర్యాదగా. ఆయన ముందున్న బండి కూడా జరిగింది. దాని ముందుది కూడా.

నాన్న గేరు వెయ్యబోతున్నాడు.

"రోజూ ఇంతేనా?" అన్నాను.

"రోజూ ఇంతే," అన్నాడు. "ఎవరూ నా ముందు ఉండరు."

అప్పుడు నాకు ఆ నలభై నిమిషాల లెక్క అర్థమైంది. ఆ వారమంతా ఆయన వరసలో ఒక్క నిమిషం నిలబడలేదు. బండి దిగి ఒక్కరికి ఆనుకోలేదు. అందరూ దారి ఇచ్చారు, ఆయన వెళ్లి దించేసి వచ్చేశాడు.

"ఇంజను ఆపెయ్యి నాన్నా," అని దిగాను.

వెర్నర్ బండి దగ్గరికి పోయి కిటికీ మీద చెయ్యి వేశాను. మా నాన్న ఆ రోజు బ్రేకు తొక్కాడు అని చెప్పాను. హెడర్ గొట్టం పక్కన బ్రేకు పైపు ఉంచింది నేను, పైపులో ఆయిల్ మరిగింది, మేమొచ్చి చూసేసరికి చల్లారింది. రైలు గేటు దగ్గర బెర్నీటాకీ అదే అయింది. నేను మా నాన్న మాట నమ్మకుండా ఆయన దగ్గర తాళంచెవి తీసుకున్నాను. వెర్నర్ వింటూ ముందు అద్దంలోంచి సూటిగా చూస్తూ ఉన్నాడు.

"ఆ పెడలు నేనూ తొక్కి చూశాను కదరా," అన్నాడు చివరికి.

"అందరం చూశాం," అన్నాను.

తర్వాతి బండి దగ్గరికి పోయాను. అదే మాట. ఆ తర్వాతిది. పదకొండు కిటికీలు. ఒకాయన చెవిటివాడు, ఆయనకి అరిచి చెప్పాల్సి వచ్చింది, ఆ అరుపు చివరి బండి దాకా వినబడింది. ఒకాయన నా మాట పూర్తికాకముందే దిగి, తన బండి కింద టోపీతో నేల దులుపుకుని పడుకుని చూసుకున్నాడు. కొందరు ఊ అని మాత్రం అన్నారు. కాటా గదిలో క్లీటస్ కలం కింద పెట్టి విన్నాడు. మొత్తం అరగంట పట్టి ఉంటుంది. నా చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. జీవితంలో నేను నడిచిన దూరాల్లో అంత పొడుగైనది లేదు.

తిరిగి వచ్చేసరికి వెర్నర్ తన బండిని మళ్లీ వరసలోకి తెచ్చి, మా ముందు నిలబెట్టాడు. మా బంపరుకీ ఆయన వెనక తలుపుకీ మధ్య బారెడు కూడా లేదు. ఇంజను ఆపేసి దిగి వచ్చి, సరిగ్గా ఆ సందులో నిలబడి, తలుపుకి ఆనుకుని, మావైపు తిరిగాడు.

"వెండలిన్," అన్నాడు, "నీ గింజ బరువెంత వస్తోంది ఈ ఏడు?"

నాన్న కాసేపు స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. తర్వాత తలుపు తీసుకుని దిగాడు.

ఆ లోడు దించేసరికి మాకు రెండున్నర గంటలు పట్టింది.

ఇదీ సంగతి. హెడర్ల గురించి అడిగినాయనా, పైపు మార్చు, బయటినుంచి తిప్పు. ఇక విన్నవాళ్లకి ఒక మనవి. మీకు తెలిసినవాళ్లలో పాత బండి ఉన్నవాళ్లూ ఉంటారు, పెద్దాయన చేతిలోంచి తాళంచెవి తీసుకుందామని చూస్తున్నవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ ఇది పంపండి. బండి కింద చూడకుండా చెయ్యి చాపకముందే పంపండి.